అమ్మవారు వద్దన్న పుంజు

పుంజుల చేత గుడ్లు పెట్టించిన మొదటి మనిషిని నేనే. అనంతపురం జిల్లాలోనే కాదు, ఇటు బళ్లారి దాకా, అటు కడప దాకా వెతికినా నాకన్నా ముందు ఆ పని చేసినవాడు దొరకడు. బస్టాండు పక్క టీ అంగట్లో ఈ మాట చాలా ఏళ్లు చెప్పాను. నమ్మినవాళ్లు కూడా ఉన్నారు. ఇప్పుడు కాగితం మీద పెట్టాల్సి వచ్చేసరికి చెయ్యి కొంచెం జంకుతోంది. సరే, గుడ్లు పెట్టలేదు. గుడ్డులో ఉండే పచ్చసొన సరుకు ఆ పుంజుల కార్జాల్లో, అంటే కాలేయాల్లో, తయారై నెత్తుట్లోకి వచ్చింది. అంతవరకు నిజం. తయారు చేయించింది కూడా నేను కాదు, ఒక పరిశోధక విద్యార్థిని. నేను కాళ్లు పట్టుకున్నాను. పుంజుల కాళ్లు.

నేను అనంతపురంలో ఒక కాలేజీలో జంతుశాస్త్ర విభాగానికి అటెండరుగా పనిచేశాను. శింగనమల దగ్గరున్న మా ఊళ్లో మాత్రం సైంటిస్టునని చెప్పుకున్నాను. కప్పను కోసేటప్పుడు దాని కాళ్లకు గుండుసూదులు గుచ్చేది నేనే కాబట్టి అందులో పూర్తి అబద్ధం లేదని నా వాదన.

కొత్త శతాబ్దం మొదలైన రెండు మూడేళ్లకు, వానలు మొహం చాటేసి వేరుశెనగ భూమిలోనే మాడిపోయిన కాలంలో, ఆ అమ్మాయి మా విభాగానికి వచ్చింది. నల్లమాడ వైపు మెట్ట రైతు కూతురు. ముప్పై ఏళ్లుంటాయి. ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు టీచరు. పీహెచ్‌డీ కోసం జీతం లేని సెలవు పెట్టి వచ్చింది. ఆ సెలవును అప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఇక పొడిగించేది లేదని, జూన్‌లో బడి తెరిచే రోజుకు రాకపోతే ఉద్యోగం ఉండదని కాగితం పంపారు. అంటే జూన్ లోపల ప్రయోగం ముగిస్తే పట్టా, లేకపోతే అన్నేళ్ల చదువు గంగపాలు. ఆ కాగితాన్ని ఆమె తన బల్ల మీది గోడకు అంటించుకుంది. దేవుడి పటం పెట్టుకోవాల్సిన చోట.

నన్ను మొదటి రోజే "చిన్నాయనా" అని పిలిచింది. పుంజుకు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను సూది ఎందుకని అడిగితే స్టూలు లాగి నన్ను కూర్చోబెట్టింది. ఆ విభాగంలో నన్ను కూర్చోబెట్టి మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

"చిన్నాయనా, విత్తనకాయల కాలంలో అగ్రికల్చర్ ఆఫీసులో చీటీ ఇస్తారు గదా?"

"ఇస్తారు. పొద్దున నుంచి ఎండలో నిలబెట్టి ఇస్తారు."

"ఆ చీటీ పట్టుకొని గోడౌనుకు పోతేనే కాయలు. మన ఒంట్లో కణం గూడా అంతే. జన్యువు ఆఫీసు లోపల్నే ఉంటాది, బయటికి రాదు. దాని మాట రాసుకొని బయటికొచ్చే చీటీ పేరే మెసెంజర్ ఆర్ఎన్ఏ. చీటీ ఉన్నంతసేపే సరుకు తయారైతాది. చినిగిపోతే ఆగిపోతాది."

"మళ్లా రాపిచ్చుకుంటే పోలా?"

"అందురూ ఆ రాసే పనినే చూస్తాండారు. నేను చూసేది చింపే పని. హార్మోను చీటీలు ఎక్కువ రాపిచ్చడమే గాదు, రాసినవి చినగకుండా గూడా చూస్తాది. చీటీకి తోక ఉంటాది. ఆ తోకను పట్టుకునే ప్రొటీన్లు ఉండాయి. కొన్ని పట్టుకుంటే చీటీ బెరీన చినిగిపోతాది, కొన్ని పట్టుకుంటే నిలబడతాది. హార్మోను వచ్చి కాపాడేవాళ్ల బలగాన్ని పెంచుతాది. ఒక పూటలో చినిగేది రోజుల తరబడి నిలుస్తాది."

"దానికి పుంజే ఎందుకు? పెట్టకు ఏమొచ్చె?"

"పెట్టలో పచ్చసొన చేసే పని ఎప్పుడూ నడుస్తానే ఉంటాది. పుంజుకు గూడా ఆ జన్యువు ఉంటాది గానీ, పుట్టినకాడ్నుంచి సచ్చేదాకా పలకదు. సూది వేస్తే పలుకుతాది. అందుకని మనం ఏం చేసినామో తేటగా కనపడతాది."

ఆమె తేల్చాలనుకున్నది ఇంకొకటి. మొదటి సూదికి కార్జం తడుముకుంటుంది. చాలా రోజులు ఆగి రెండో సూది వేస్తే తడుముకోదు, టక్కున పనిలోకి దిగుతుంది. ఎందుకు? తోక పట్టుకునేవాళ్లు మొదటిసారి వచ్చి, పని అయిపోయినా ఇంటికి పోకుండా అక్కడే కూర్చుని ఉంటారని ఆమె అనుమానం. అది తేలాలంటే పన్నెండు పుంజులు కావాలి. ప్రతి పుంజూ రెండు సూదులు చూసి ఉండాలి. ఒక్క సూదే చూసిన పుంజు ఆమె లెక్కకు పనికిరాదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

పుంజుల కాళ్లు పట్టుకునే నేను, చీటీల తోకలు పట్టుకునే ప్రొటీన్లు ఒకే కులం వాళ్లమని ఆ రోజే తీర్మానించుకున్నాను. మా ఇంట్లో ఆ మాట చెబితే మా ఇంటామె, "కాళ్లు పట్టుకునేదానికి ఇంత చదువు ఎందుకప్పా" అంది.

కాలేజీ బోరు ఎండిపోయింది. పుంజులకు తాగడానికే నీళ్లు లేవు. మా దొడ్డి బావిలో ఇంకా నాలుగు బిందెలు ఊరుతున్నాయి కాబట్టి పన్నెండింటినీ మా ఊరికి తీసుకెళ్తానని నేనే ముందుకొచ్చాను. "ఒక్క ఈక రాలినా నన్నడుగు పాపా" అని మీసం మీద చెయ్యి వేశాను. ఒక్కో పుంజు కాలికి నంబరున్న అల్యూమినియం ఉంగరం. ఒక బుధవారం ఆమె బస్సులో వచ్చి మా దొడ్లో మొదటి సూది వేసింది. నేను కాళ్లు పట్టుకున్నాను. ఊరంతా గోడల మీది నుంచి చూసింది. ఆమె బస్సెక్కి పోగానే జనం నా చుట్టూ చేరారు.

"ఏమన్నా, ఆ సూదితో ఏమైతాదంట?"

ఇక్కడ నేను ఊరుకోవాల్సింది. "నెలలోపల గుడ్డు పెడతాయి" అన్నాను.

"పుంజులా?"

"పుంజులే. ప్రయోగం నాది. ఆ పాప నా దగ్గర నేర్చుకుంటాంది."

మర్నాటి నుంచి మా దొడ్డికి వచ్చిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. గంపల కింద చెయ్యి పెట్టి గుడ్డుందేమోనని వెతికేవాళ్లు.

సూది పడిన తర్వాతి మంగళవారమే వాన కోసం గంగమ్మ జాతర. ఇంటికొక ఎర్ర పుంజు. మా ఊరి పద్ధతి ఏమిటంటే, పుంజుకు పసుపు పూసి నెత్తి మీద నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కత్తి దించకూడదు. మా ఇంటి పుంజు అందరికన్నా ముందు పోవాలి, అది మా తాతల నాటి మర్యాద. మాది విదిలించేదాకా మిగతావి వరుసలో ఉండాల్సిందే.

ఇక ఏడో నంబరు పుంజు జాతరకు ఎలా వెళ్లిందో చెప్పాలి. మా ఇంటామె తెలియక తీసుకుపోయి ఇచ్చేసింది. ఆడమనిషి, ఉంగరాల సంగతి ఆమెకేం తెలుసు. ఇలాగని టీ అంగట్లో నేను పదేళ్లు చెప్పాను. ఇది అబద్ధం. ఆమె ఆ పూట ఇంట్లో గారెలకు పప్పు రుబ్బుతోంది. జరిగింది ఇది.

జాతరకని సంతలో కొన్న ఎర్ర పుంజును నేనే తీసుకుపోయాను. పూజారి నీళ్లు చల్లాడు. అది కదల్లేదు. చెంబుతో పోశాడు. కళ్లు మూసుకుంది. బిందెతో కుమ్మరించాడు. కరువులో చల్లగా స్నానం దొరికిందని కాబోలు, మెడ చాపి ఇంకా పోయమన్నట్టు నిలబడింది. వెనక వందకు తక్కువ కాకుండా పుంజులు, వాటిని చంకలో పెట్టుకున్న మనుషులు. వంద అన్నానా? ముప్పై ఉంటాయి.

"ఏమప్పా సైంటిస్టూ, నీ పుంజు యాడిది? రాతిదా?" అని వెనక నుంచి ఒకడు.

"నీళ్లన్నీ దీనికే పోస్తే ఇంగ వాన ఎందుకప్పా!" అని ఇంకొకడు.

పూజారి నా చెవిలో, "అమ్మ దీన్ని వద్దంటాంది. నీ దొడ్లో పన్నెండు ఉండాయి గదా, సూది పుంజులు. అమ్మకు వాటి మీద మనసైందేమో" అన్నాడు.

"అవి సర్కారువి సామీ."

"అమ్మకన్నా పెద్ద సర్కారు ఏదప్పా?"

అవి నావి కావు, ఆ పాపవి అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ప్రయోగం నాదని ఊరంతా చాటింది నేనే. నాది కాదని ఏ నోటితో చెప్పేది? ఇంటికి పోయాను. ఏడో నంబరుది సంత పుంజు రంగుకు దగ్గరగా ఉంది. పటకారుతో ఉంగరం ఊడదీసి జేబులో వేసుకుని పుంజును చంకన పెట్టుకొని వచ్చాను. మొదటి చుక్క పడగానే అది ఒళ్లంతా ఝాడించి విదిలించింది. జనం ఈలలు వేశారు.

కోశాక కడుపు తీస్తే కార్జం పచ్చగా, వెన్నముద్దలా మెత్తగా, మామూలు దానికన్నా పెద్దగా ఉంది. గిన్నెలో పట్టిన నెత్తురు గడ్డకట్టేసరికి పైన పాల మీగడ లాంటి తెల్లటి నీరు తేలింది. సూది పని అదే. ఆరు రోజులుగా ఆ కార్జం చీటీలు చింపకుండా పచ్చసొన సరుకు చేసి నెత్తుట్లోకి తోస్తూనే ఉంది. నాకు తెలుసు. పూజారికి తెలియదు. గిన్నె పైకెత్తి, "నెత్తుట్లో పాలు! అమ్మ చల్లబడింది!" అని అరిచాడు. ఆ సాయంత్రమే కుండపోత వాన పడి చెరువు నిండింది. లేదు. నాలుగు చినుకులు పడ్డాయి. దుమ్ము వాసన వచ్చింది. నా చొక్కా కూడా తడవలేదు.

అమ్మవారు వద్దన్న పుంజును ఇంటికి తెచ్చి ఏడో నంబరు ఉంగరం దాని కాలికి బిగించాను. తోకలో ఒక నల్ల ఈక ఎక్కువుంటే కత్తెరతో తీసేశాను. శుక్రవారం ఆ అమ్మాయి తూకానికి వచ్చింది.

"చిన్నాయనా, ఏడోది తగ్గినట్లుండాదే?"

"కరువు గద పాపా."

నెల గడిచాక రెండో సూది పడింది. పూటకు మూడు చొప్పున నాలుగు పూటల్లో పన్నెండింటినీ కోసి కార్జాలు తీసుకుంది. ఆ చీటీలు బయట చాలా తొందరగా పాడవుతాయి కాబట్టి, పశువుల ఆసుపత్రిలో ఎద్దుల వీర్యం దాచే ద్రవ నైట్రోజన్ క్యాను ఒకటి అడిగి తెచ్చి అందులో వేశాం. బెంగుళూరులో పరీక్ష చేసే చోటికి బస్సులో నేనే తోడు వెళ్లాను. మూత దగ్గర పొగలొస్తుంటే కండక్టరు ఆగాడు.

"ఏముండాదన్నా దీంట్లో?"

"కోడి కార్జాలు."

"యాడికి?"

"బెంగుళూరికి."

"బెంగుళూర్లో కోళ్లు లేవా?"



ఫలితాలు ఫిలిం మీద నల్ల గీతలుగా వచ్చాయి. గీత ఎంత నల్లగా ఉంటే అన్ని చీటీలు చినగకుండా నిలిచినట్టు. ఆమె ఫిలిమును కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూస్తోంది. నేను గాజు గొట్టాలు కడుగుతున్నట్టు నటిస్తున్నాను. పదకొండు గీతలు ఆమె అనుకున్నట్టే వచ్చాయి. ఏడోది వెలిసిపోయిన కాటుక గీతలా ఉంది. పక్కనున్న ఆరు, ఎనిమిదీ నల్లగా నిగనిగలాడుతున్నాయి.

ఆమెకు మార్గదర్శి అయిన సారు వచ్చి చూశాడు. "ఒక్కటే గదమ్మా. తీసేసి మిగిలినవి వేసుకో. టైము లేదు నీకు."

"ఏ కారణం మీద తీసేయాల సార్?"

"మిగిలిన వాటితో కలవలేదని."

"కలవలేదని తీసేస్తే, కలిసేవి ఏరుకున్నట్లే గదా సార్."

సారు భుజాలెగరేసి వెళ్లిపోయాడు. ఆమె నోట్‌బుక్ తీసి మొదటి బుధవారం పేజీ దగ్గర ఆగింది. ఒకటి నుంచి పన్నెండు దాకా ప్రతి నంబరు పక్కన సూది వేసినట్టు టిక్కు. ఏడు పక్కన కూడా. ఆ టిక్కు మీద వేలు పెట్టింది.

"ఇది మొదటిసారి సూది చూసిన పుంజు చిన్నాయనా. అచ్చం అట్లే ఉండాది. అంటే నేను ఆ రోజు ఏడో దానికి సూది వెయ్యకుండానే టిక్కు పెట్టినా."

"వేసినావు పాపా. నేనే గదా కాళ్లు పట్టుకున్నది."

"నీకెట్ల గుర్తుంటాది? పన్నెండు పుంజులు, జనం, గోల. ఒక టిక్కు తప్పైతే మిగిలినవి రైటని ఎవురు చెప్తారు? ఈ పుస్తకాన్నే నమ్మలేను. అంతా మళ్లా మొదటినుంచి చేయాల."

"జూన్ లోపల అయితాదా?"

ఆమె గోడకు అంటించిన కాగితం వైపు చూసింది. మరుసటి రోజు పుస్తకాలు కట్ట కట్టడం మొదలుపెట్టింది.

నేను రెండు రోజులు ఆలోచించాను. ఇది కూడా కొంచెం ఎక్కువే. ఒక పూట ఆలోచించాను, మిగిలినదంతా భయపడ్డాను. చివరికి ఆమె బల్ల దగ్గర నిలబడి, "పాపా, ఏడో పుంజును పిల్లి ఎత్తుకపోయింది" అన్నాను.

"పిల్లా? అంత పెద్ద పుంజునా?"

"అడవిపిల్లి."

ఆమె నా మొహం చూస్తూనే ఉంది. అడవిపిల్లి మెల్లగా కుక్క అయింది, కుక్క దొంగ అయింది, దొంగ దగ్గర నాకు మాటలు అయిపోయాయి. అప్పుడు జరిగింది చెప్పాను. నీళ్లు, పూజారి, పటకారు, నల్ల ఈక, అన్నీ.

నన్ను తిడుతుందనుకున్నాను. పాదాల మీద పడదామని కూడా సిద్ధమై ఉన్నాను, ఆ పని నాకు అలవాటేనని మీకు తెలుసు. ఆమె నోట్‌బుక్ మూసి, "నీ మాట మీద ఏడో దాన్ని తీసేయాలంటే, ముందు నేను నీ మాట నమ్మాల గదా" అంది. "నేను పుస్తకాలు కట్ట కట్టుకుంటాంటే జాలిపడి ఈ కథ అల్లింటావు. నువ్వు అల్లగలవు. అడవిపిల్లి ఇప్పుడే పాయ ఈన్నుంచి."

"ఒట్టు పాపా, మా ఇలవేలుపు మీద..."

"పుంజును దేవునికిచ్చినోనివి, ఒట్టు గూడా దేవుని మీదనేనా?"

నిజం చెప్పినా చెల్లని స్థితి నాకు అదే మొదటిసారి. చాలా ఏళ్ల నుంచి ఒక్కొక్కటిగా పేర్చుకున్న గొప్పలన్నీ ఒక్కసారిగా వచ్చి నా నోటికి అడ్డం కూర్చున్నాయి.

మర్నాడు ఆమె నాతో పాటు మా ఊరి బస్సెక్కింది. మా దొడ్లోకి వచ్చి, నన్ను వాకిట్లోనే ఉండమని, మా ఇంటామె దగ్గర కూర్చుంది.

"చిన్నమ్మా, జాతర రోజు ఏం జరిగిందో చెప్పు."

"ఏం జరిగినాది. పప్పు రుబ్బుతాంటి. ఈ మనిషి ఎగశ్వాసతో వచ్చి పటకారు ఎత్తుకున్యాడు. ఏందప్పా అంటే అమ్మవారు పిలిచిందన్యాడు. కోళ్ల కాడ ఒక పుంజు కాలి ఉంగరం పీకినాడు. మళ్లా వచ్చి తడిసిన పుంజుకు తగిలిచ్చినాడు. దాని తడి అద్ది తుడిచింది నేనే, నా పాత చీరతో."

"ఏ నంబరో చూసినావా?"

"నంబరు నాకెట్ల తెలుస్తాది తల్లీ. కార్జం మాత్రం చూసినా. పచ్చగా ఉండాది. పెనం మీద వేస్తే నూనె వెయ్యకుండానే కరిగిపాయ. ఈయనే తిన్యాడు. బాగుండాదన్యాడు."

ఆ అమ్మాయి గోడ అవతల ఉన్న నా వైపు చూడకుండానే, "మిగిలిన పదకొండు?" అని అడిగింది.

"వాటికి మేత వేసింది నేను. ఒకదానికి ముక్కు వంకర, ఒకదానికి ఒక కంటి మీద మచ్చ, ఒకటి నన్ను చూస్తానే పొడిచేది. నువ్వు వచ్చి కోసిన రోజు దాకా అవే ఉండాయి. కావాలంటే ఒక్కోటీ చెప్తా."

ఒక్కోటీ చెప్పింది. ఈ అమ్మాయి నోట్‌బుక్ తెరిచి, ఏ పుంజు గురించి ఏం రాసుకుందో చూసుకుంటూ పోయింది. వంకర ముక్కు మూడో నంబరు. మచ్చ పదోది. పొడిచేది ఒకటోది, ఆమె చేతి మీద కూడా దాని గుర్తుంది. అంతా కలిసింది. అప్పుడు ఏడో నంబరు పక్కనున్న తన టిక్కును ఇంకోసారి చూసుకుంది. ఆమె భుజాలు కిందికి దిగడం నేను గోడ మీది నుంచి చూశాను.

నన్ను లోపలికి పిలిచి, తెల్లకాగితం ఇచ్చి రాయమంది. నేను ఇలా మొదలుపెట్టాను: "అనావృష్టితో ప్రజలు అల్లాడుతున్న తరుణంలో, అమ్మవారి ఆజ్ఞ మేరకు..."

"ఆజ్ఞ నువ్వు విన్యావా?" అంది మా ఇంటామె.

కొట్టేశాను. "ఊరి జనం బలవంతం మీద" అని రాశాను.

"జనం వచ్చి నా కోళ్ల కాడ నిలబడ్యారా? నువ్వొకనివే గదా వచ్చింది."

అదీ కొట్టేశాను. "పొరపాటున" అన్నాను. పటకారు గూట్లోనే ఉంది, మా ఇంటామె దాని వైపు చూసింది. చివరికి మిగిలింది ఇది: మొదటి సూది పడిన ఆరో రోజు, మంగళవారం, ఏడో నంబరు పుంజును నేనే తీసి, సూది పడని వేరే పుంజుకు దాని ఉంగరం తొడిగాను. ఎవరికీ చెప్పలేదు.

సంతకం చేశాను. సాక్షిగా మా ఇంటామె కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. ఆ అమ్మాయి ఆ కాగితాన్ని నోట్‌బుక్ పేజీకి కుట్టి, స్కేలు పెట్టి ఏడో వరుస మీద ఒక గీత కొట్టింది. పక్కన కారణం రాసింది. అక్కడే మంచం మీద కూర్చుని పదకొండుతో లెక్క మళ్లీ వేసుకుంది. బడి తెరవకముందే ఆమె పీహెచ్‌డీ పుస్తకం సమర్పించిందని, ఏడో పుంజు సంగతి అందులో ఒక వాక్యంగా ఉందని తర్వాత సారు చెప్పాడు. అందులో గంగమ్మ పేరు లేదంట, నా పేరూ లేదంట.

మజ్జిగ తాగి ఆమె లేచింది. బస్సు ఆగే చోటు మా ఇంటికి మైలుంటుంది. మైలు కాదు, అర మైలు. ఎండ మాత్రం నిజంగానే ఎక్కువగా ఉంది. సంచి అందుకోబోయాను.

"ఇయ్యి పాపా, నేను మోస్తా."

ఆమె సంచిని రెండో భుజానికి మార్చుకుంది. "వద్దు చిన్నాయనా. దీంట్లో నోట్‌బుక్ ఉండాది."